అక్క కంటికి ఆనే పిట్టలు

ఆ వీధిలో రంగుల విషయంలో పిన్ని మాటకి ఎదురు లేదు. కొత్త పరదాలు కొనేవాళ్ళు, గోడలకి రంగు వేయించేవాళ్ళు, కూతురికి గౌను కుట్టించేవాళ్ళు ఓ నమూనా ముక్క చేత్తో పట్టుకుని ముందు ఆమె గుమ్మం ఎక్కాల్సిందే. "దీని మీదికి ఏది బాగుంటుంది పిన్నీ?" అంటే చాలు, ఆ ముక్కని వెలుతురుకి పట్టుకుని, పెదవి విరిచి, "ఇది వద్దు. ఇదే రంగులో కాస్త మట్టి కలిసినట్టుండేది దొరుకుతుంది, అది తెచ్చుకో" అనేది. విన్నవాళ్ళు సుఖపడ్డారు. విననివాళ్ళు ఏడాదిపాటు తమ గోడలకేసి చూసుకుని నిట్టూర్చారు.

అసలు పేరేమిటో చాలామందికి తెలియదు. బొంతలు కుట్టే పిన్ని, అంతే. దర్జీల దగ్గర మిగిలిన ముక్కలు, పిల్లలకి పొట్టయిపోయిన గౌన్లు, మోచేతుల దగ్గర చిరిగిన చొక్కాలు బస్తాలకెక్కి ఆమె ఇంటికి చేరతాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, కత్తిరించి, రంగు మీద రంగు పేర్చి, మూడు పొరలు కలిపి చేత్తో కుట్టేస్తుంది. ముందుగదిలో మంచం ఉంది కానీ దాని మీద మనుషులు పడుకుని ఇరవై ఏళ్ళయింది. అది గుడ్డముక్కల మంచం.

ఇంత రంగుల మనిషికి దొరికిన మొగుడెలాంటివాడంటే, ఎర్ర దారం తెమ్మంటే ఆకుపచ్చ దారం తెచ్చేవాడు.

వీధి మొత్తానికి ఆయన బాబాయి. మొండితనం వల్లో మతిమరుపు వల్లో అలా తెచ్చేవాడు కాదు పాపం. ఆయన కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. పుట్టుకతోనే అంత. ముప్ఫై ఏళ్ళు ఓ చిన్న అచ్చాఫీసులో పనిచేశాడు. నల్ల సిరా, తెల్ల కాగితం. ఆయనకి అంతకన్నా ఏం కావాలి? ఒకే ఒక్కసారి యజమాని ఊళ్ళో లేనప్పుడు రంగు పని తన మీద వేసుకుని, చెప్పుల దుకాణం వాళ్ళ కరపత్రాలు ఎర్రగా రావాల్సినవి రెండు వేలు ఆకుపచ్చగా కొట్టి పెట్టాడు. మర్నాటి నుంచి రిటైరయ్యేదాకా బైండింగు సెక్షన్లోనే ఉన్నాడు.

ఈ కథ చెప్పుకుని అందరికన్నా ఎక్కువ నవ్వింది పిన్ని వాళ్ళ అక్క. "మా రంగుల మరిదిగారు వచ్చారు" అంటూ ఆహ్వానించేది. ఆయన కూడా నవ్వి ఊరుకునేవాడు. వదినగారి నోటికి జవాబు చెప్పగల మగవాడు ఆ కుటుంబంలో ఇంకా పుట్టలేదు.

అక్క రెండు వీధుల అవతల, మేడ మీద, కొడుకూ కోడలితో ఉంటుంది. ఒకప్పుడు స్కూలు యూనిఫారాలు కుట్టేది. పిన్నికి సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే. తొమ్మిదేళ్ళ చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని పిట్టల బొంత నేర్పింది. పెద్ద మూడుమూలల ముక్క పిట్ట. దానికి అటూ ఇటూ చెరో చిన్న మూడుమూలల ముక్క, అది ఆకాశం. మూడూ కలిపితే ఓ పలక. పలకలన్నీ వరసగా పేర్చితే పిట్టలన్నీ ఒకే దిక్కుకి ఎగిరిపోతుంటాయి. తన మొదటి బొంతలో చెల్లెలు ఓ పలకని తలకిందులుగా కుట్టేసింది. అక్క ఆ ముక్క మీద వేలు పెట్టి, "ఇదేమిటే, అన్నీ అటు పోతుంటే ఇదొక్కటి వెనక్కొస్తోంది? ఇంట్లో ఏం మర్చిపోయిందట?" అని, వరసంతా విప్పించింది. చెల్లెలు ఏడ్చుకుంటూ విప్పింది. ఆ తరవాత అలాంటి తప్పు మళ్ళీ చేయలేదు.

వంక పెట్టకుండా మెచ్చుకోవడం అక్క రక్తంలోనే లేదు. చెల్లెలు ఏ బొంత తెచ్చినా ముందు తిరగేసి వెనక కుట్లు చూసేది. "ఇక్కడ చెయ్యి బిగిసింది", "ఈ అంచు తాగి నడిచింది" అనేది. అన్నీ అయ్యాక, చివర్లో, దాచుకున్నదేదో ఇస్తున్నట్టు, "ఫరవాలేదే" అనేది. ఆ ఒక్క మాటకోసం పిన్ని నలభై ఏళ్ళు కుట్టిందంటే అతిశయోక్తి కాదు. ఊరంతా ఆహా ఓహో అన్నా అక్క ఫరవాలేదనేదాకా ఆమెకి బొంత పూర్తయినట్టుండేది కాదు.

అలాంటి అక్కకి కళ్ళు పోతూ వచ్చాయి. ఏదో నరం బలహీనపడిందన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదు, రోజూ మందు చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుందన్నాడు. ఇంట్లో తిరగడానికి, మనిషిని పోల్చుకోవడానికి ఇబ్బంది లేదు. ఏదైనా చూడాలంటే మెడ ఓ పక్కకి వంచి ఓరగా చూస్తుంది. కుట్టుమిషను మాత్రం కోడలికి ఇచ్చేసింది. ఇచ్చినందుకు బాధపడుతున్నట్టు ఎవరికీ కనపడనివ్వలేదు.

పిన్నికి అప్పుడే ఓ పట్టుదల పుట్టింది. అక్కకి ఉన్న చూపు ఉండగా, ఆవిడ నేర్పిన పిట్టల బొంతే, తన చేతి పనుల్లోకెల్లా గొప్పది ఒకటి కుట్టి ఆవిడకి చూపించాలి. మామూలుగా చూపించడం కాదు. కళ్ళారా చూసి, వంక పెట్టి, ఫరవాలేదనాలి.

నాలుగు నెలలు కుట్టింది. పిట్టలకి ముదురు ఎరుపు, ఆకాశానికి ఆకుపచ్చ. ఎరుపులో ఎన్ని ఎరుపులు! ఇటుక రంగు, దానిమ్మ గింజ రంగు, మెరూన్. ఆకుపచ్చలో ఎన్ని పచ్చలు! వీధిలో వాళ్ళు వచ్చి చూసి నోరెళ్ళబెట్టారు. ఎదురింటి టీచరమ్మ, "ఎరుపు మీదికి ఆకుపచ్చని మించిన కాంట్రాస్టు లేదు పిన్నీ" అంది. బాబాయి ఒక్కడే దాని ముందు కాసేపు నిలబడి, గడ్డం గోక్కుని, ఏదో అనబోయి, మానేసి టీ పెట్టుకోవడానికి వెళ్ళాడు.

బొంత తీసుకెళ్ళి అక్క ఒళ్ళో పెట్టింది పిన్ని. అక్క అరచేత్తో దాన్ని అటూ ఇటూ నిమిరింది. మెడ వంచింది.

"చాలా బాగుందే. రంగులు బాగా కుదిరాయి" అంది.

పిన్ని ఎదురుచూసింది. అక్క తిరగెయ్యలేదు. చెయ్యి బిగిసిందనలేదు. అంచు తాగి నడిచిందనలేదు.

"మరి పిట్టలు?" అంది పిన్ని.

"పిట్టలా?" అంది అక్క. ఒక్క క్షణం ఆగి, "ఆఁ, పిట్టలకేమే, బ్రహ్మాండంగా ఉన్నాయి" అంది.

అక్కకి పిట్టలు కనపడలేదు. ఒళ్ళో ఉన్నది పిట్టల బొంత అని కూడా తెలియలేదు. చెల్లెలి మనసు కష్టపెట్టకూడదని, జీవితంలో మొదటిసారి, అక్క తనకి అబద్ధం చెప్పింది.

ఉసూరుమంటూ ఇంటికొచ్చింది. గుడ్డముక్కల మంచం మీద ఓ చివర కూలబడి, జరిగిందంతా మొగుడితో చెప్పి, "అంతేనండీ. మా అక్క కళ్ళు పూర్తిగా పోయాయి. నేనే ఆలస్యం చేశాను" అని భోరుమంది.

బాబాయి టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, తను స్టూలు మీద కూర్చున్నాడు. "ఒక మాటంటే ఒంటికాలి మీద లేవకూడదు మరి" అన్నాడు.

"అనండి."

"నాకూ కనపడలేదు."

"ఏమిటి?"

"పిట్టలు. నువ్వది కుట్టినన్నాళ్ళూ చూశాను. ఇంత మంచి దుప్పటికి ఇన్ని అతుకులెందుకా అనుకున్నాను. నాకది ఒకే గుడ్డ."

పిన్ని సరిగ్గా ఒంటికాలి మీదే లేచింది. "మీకు కనపడకపోతే అది నా తప్పా? ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని మనిషి! మా అక్క ఆ రంగులు నేర్పిన మనిషి! ఆవిడకీ మీకూ పోలికా?"

"అదేనే నేననేది. మీ అక్కకి ఇప్పుడు రంగులు ఆనట్లేదేమో. చీకటీ వెలుతురూ మాత్రం ఆనుతున్నాయేమో. నాకు పుట్టినప్పట్నించీ ఉన్న సంసారమే ఆవిడకి ఇప్పుడు మొదలైందేమో."

"కళ్ళు డాక్టరుకి వదిలెయ్యండి" అని పిన్ని మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బాబాయి మాటలతో నెగ్గే మనిషి కాదు. అచ్చాఫీసు మనిషి కాబట్టి, ఏదైనా కాగితం మీద చూపిస్తేనే ఆయనకి తృప్తి. మర్నాడు పొద్దున్నే ఆ బొంతలో మిగిలిన ఎర్ర ముక్కా ఆకుపచ్చ ముక్కా జేబులో పెట్టుకుని, వీధి చివర జిరాక్సు షాపుకి వెళ్ళాడు. షాపతను అప్పుడే షట్టరెత్తి మిషను వేడెక్కడం కోసం చూస్తున్నాడు.

"వీటికి ఒక కాపీ కావాలి" అన్నాడు బాబాయి.

షాపతను ముక్కలకేసి చూశాడు. బాబాయికేసి చూశాడు. "రెండు వైపులా తియ్యాలా బాబాయ్, ఒక వైపు చాలా?" అని అడిగాడు, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా.

"ఒక వైపు చాలు. మూత గట్టిగా నొక్కు."

కాగితం వేడివేడిగా వచ్చింది. ఇంటికి తెచ్చి పిన్ని ముందు పెట్టాడు. కాగితం మీద రెండు ముక్కలూ పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒకే బూడిద రంగు. ఎరుపేదో పచ్చేదో, మధ్యలో గీత ఎక్కడుందో కూడా వెతుక్కోవాలి.

"ఇది అచ్చు తేలలేదంటాం మేము" అన్నాడు బాబాయి నెమ్మదిగా. "అక్షరం ఎంత అందంగా ఉన్నా, కాగితం కూడా అదే నలుపైతే చదివేవాడికి ఏం కనపడుతుంది?"

పిన్ని ఆ కాగితం కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని గీత కోసం వెతికింది. తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళుగా ఈ మనిషి చూపుని చూసి నవ్వింది తను. తన రంగుల పాండిత్యమంతా కలిపి ఒక్క పిట్టని కూడా ఎగరవెయ్యలేకపోయింది. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే, చిత్రంగా, ప్రాణం లేచివచ్చింది. అక్క కళ్ళు పూర్తిగా పోలేదు. పోయింది తన లెక్క.

"మంచం మీదున్నవన్నీ జిరాక్సు తీయించుకొస్తారా?" అంది.

"ఎందుకే అంత శ్రమ? నేనున్నాగా" అన్నాడు బాబాయి.

అలా మొదలైంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి బాబాయి గుడ్డముక్కల మంచం దగ్గరికి పని మీద వచ్చాడు. పిన్ని ఒక్కో ముక్కా ఎత్తి పట్టుకోవడం, ఆయన "ముదురు", "లేత", "నడిమిది" అనడం. మూడు కుప్పలు. ముదురు కుప్పలో నేవీ బ్లూ పక్కన ముదురు వంకాయ రంగు, దాని పక్కన కాఫీగింజ రంగు. లేత కుప్పలో మీగడ రంగు, నిమ్మపండు రంగు, లేత గులాబీ. ఏ రంగు ఏ కుప్పలో పడుతుందో చూసి పిన్ని అడుగడుగునా ఉలిక్కిపడింది.

"అయ్యో, ఈ టొమాటో ఎరుపు చూడండి, మండిపోతోంది! ఇది నడిమి కుప్పా?"

"మండుతోందో ఆరిందో నాకు తెలియదు. నడిమిది."

"మరి ఈ చిలకపచ్చ?"

"అదీ నడిమిదే. టొమాటో దాని పక్కనే పెట్టు, స్నేహంగా ఉంటాయి."

నడిమి కుప్ప కొండలా పెరిగింది. పిన్నికి ఇష్టమైన రంగులన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె దానికేసి బెంగగా చూసి, "అన్నీ పోవాల్సిందేనా?" అంది.

"పోనక్కర్లేదు. వేరే బొంతకి. ఇది వదినగారిది."

అయినా ఆమె పూర్తిగా లొంగిపోలేదు. లొంగిపోతే ఆమె పిన్నే కాదు. పిట్ట ముదురూ ఆకాశం లేతా అయితే చాలుగా, ఆ ముదురు ఏ ముదురో, ఆ లేత ఏ లేతో తను ఎంచుకుంటానంది. దానికి ఆయన ఒప్పుకున్నాడు. నేవీ బ్లూ పిట్టకి నిమ్మపండు ఆకాశం. వంకాయ రంగు పిట్టకి లేత గులాబీ. కాఫీగింజ పిట్టకి మీగడ. ఒక్కో జత మంచం మీద పెట్టి, ఇద్దరూ గుమ్మం దాకా వెనక్కి నడిచి చూసేవాళ్ళు. ఆమె కళ్ళు సగం మూసుకుని చూడటం నేర్చుకుంది. అలా చూస్తే రంగు వెనక్కి తగ్గి, ముదురూ లేతా ముందుకొచ్చేవి. ఆయన మామూలుగానే చూసేవాడు.

"తేలిందా?" అనేది.

"తేలింది" అనేవాడు. లేదా, "ఇది మునిగింది, మార్చు" అనేవాడు.

ఆ నెలల్లో ఆ ఇంట్లో జరిగినన్ని కబుర్లు అంతకుముందు పదేళ్ళలో జరిగుండవు. అచ్చాఫీసు కబుర్లన్నీ ఆమె మళ్ళీ కొత్తగా విన్నది. ఆకుపచ్చ కరపత్రాల దగ్గరకొచ్చేసరికి, ఆ రోజు యజమాని ఏమన్నాడని మొదటిసారి అడిగింది. బాబాయి చేతిలో ముక్కని మడిచి, "ఏమీ అనలేదు. మర్నాడు నా గూట్లో ఏప్రను తీసి బైండింగు గదిలో తగిలించాడు. నాకు మాత్రం తిట్టుంటే బాగుండేదనిపించింది" అన్నాడు. పిన్ని కుడుతున్న సూది ఆపి ఆయనకేసి చూసింది. ఈ కథకి ఇంట్లో ఎన్నిసార్లు నవ్వుకున్నారో ఆమెకి గుర్తొచ్చింది. "టీ తాగుతారా?" అని, జవాబు కోసం ఆగకుండా లేచింది.

బొంత పూర్తయింది. అక్కకి ముందు ఏమీ చెప్పలేదు. నీకు చూపు తగ్గింది గనక ఇలా కుట్టామంటే ఆవిడ దాన్ని మేడ మీంచి కిందికి విసిరేసినా విసిరేస్తుంది. అసలు కనపడుతుందా లేదా అన్న భయంతో పిన్ని రెండు మెట్లకోసారి ఆగుతూ ఎక్కింది. మళ్ళీ "చాలా బాగుందే" అంటే తను ఆ మాట తట్టుకోలేదు. బాబాయి బొంత మూట భుజాన వేసుకుని వెనకాల ఎక్కాడు.

"మళ్ళీ ఇంకోటెందుకే? నాకున్నది ఒక్కటే ఒళ్ళు" అంది అక్క. పక్కనే పాత బొంత, ఎర్ర పిట్టలది, నీటుగా మడిచి ఉంది.

కోడలు కిటికీ పరదా పక్కకి లాగింది. పిన్నీ బాబాయీ చెరో కొస పట్టుకుని బొంతని మంచం మీద పరిచారు. గదిలోకి ఎండ పడుతోంది.

అక్క మెడ ఓ పక్కకి వంచింది.

ఇంకో పక్కకి వంచింది. లేచింది. మంచం చుట్టూ సగం దూరం నడిచింది. బాబాయి గడ్డం గోక్కోవడం మొదలుపెట్టాడు.

అక్క వంగి, నిమరడానికి కాదు, చూపుడువేలు చాచి, అయిదో వరసలో ఓ పిట్ట మీద ఆనించింది.

"ఇదేమిటే?" అంది.

"ఏదక్కా?"

"అన్నీ కిటికీ వైపు పోతుంటే ఇదొక్కటి తలుపు వైపు పోతోందేం? ఇంట్లో ఏం మర్చిపోయిందట?"

పిన్ని చూసింది. నిజమే. నేవీ బ్లూ పిట్ట, నిమ్మపండు ఆకాశం, తలకిందులుగా ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు చేసిన తప్పు, మళ్ళీ ఇన్నేళ్ళకి చేసింది. మూడు నెలలుగా కళ్ళు రెండూ ముదురు మీదా లేత మీదా పెట్టి, పిట్ట ఎటు పోతోందో చూడటమే మర్చిపోయింది.

"నేను చూశాను వదినగారూ" అన్నాడు బాబాయి నసుగుతూ. "డిజైనేమో అనుకున్నా."

"మీకు కనపడింది, నాకు కనపడింది" అంది అక్క. "రంగులు తెలిసిన మహాతల్లికి మాత్రం కనపడలేదు. చూడండి మరిదిగారూ, ఇంత బొంత కుట్టి ఎలా నిలబడిందో!"

కోడలు ఫక్కున నవ్వింది. పిన్ని ఆ పిట్టని అరచేత్తో కప్పేసింది. అక్క ఆగలేదు. బొంత తిరగెయ్యమంది. వెనక కుట్ల మీద వేలు నడిపించి, "ఇక్కడ చెయ్యి బిగిసింది" అంది. అంచు పట్టుకుని లాగి చూసి, "ఫరవాలేదే" అంది. అని, కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుని, "ఇక విప్పు" అంది.

"ఇప్పుడా అక్కా? ఇంటికి తీసుకెళ్ళి..."

"ఇల్లూ లేదు గిల్లూ లేదు. నా ముందే విప్పు. నేను చూస్తాను."

కోడలు మిషను సొరుగులోంచి చిన్న కత్తెర తెచ్చి ఇచ్చింది. పిన్ని మంచం అంచున కూర్చుని బొంత ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళనిండా నీళ్ళు. పిట్టలన్నీ అలుక్కుపోయి ఒకటైపోయాయి. తుడుచుకుంటే మళ్ళీ నిండాయి. చేతికందిన కుట్టు కిందికి కత్తెర మొన పోనిచ్చింది.

"అక్కడ కాదే" అంది అక్క, ముందుకి వంగి. "దాని పక్కది."